గోడకున్న ఎర్ర సిలిండర్ ఎవరి కోసం?

"ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఎండాకాలంలో వరిగడ్డి వాము అంటుకుంటే ఊరు ఊరంతా బిందెలు పట్టుకుని పరుగెత్తడం మనలో చాలామందిమి చూసినవాళ్లమే. నీళ్లు వచ్చేసరికి వాము ఉండదు, బూడిద ఉంటుంది. ఆ బూడిద దగ్గర నిలబడి "మొదట్లోనే చూసుంటే ఒక్క బిందెతో పోయేది" అని అందరూ అంటారు. అది నిజం. ఏ నిప్పయినా మొదటి నిమిషంలో చిన్నదే. ఆ మొదటి నిమిషం కోసం మనిషి తయారు చేసుకున్న వస్తువే గోడకు వేలాడే ఎర్ర సిలిండర్. ఇంగ్లీషులో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ అంటారు, తెలుగు పత్రికల్లో అగ్నిమాపక పరికరం అని రాస్తారు. పనిచేసే చోట మనవాళ్లు ఫైర్ సిలిండర్ అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

బ్యాంకులో, బస్టాండులో, పెట్రోలు బంకులో, కాలేజీ ల్యాబు బయట, కొన్ని హాస్టళ్ల వరండాలో దాన్ని అందరం చూశాం. కానీ మిత్రులారా, మీలో ఎంతమంది దాన్ని చేత్తో ఎత్తి చూశారు? దాని బరువెంతో, దాని పిన్ను ఎటు లాగాలో, అందులో ఉన్నది నీళ్లా పొడా గ్యాసా అన్నది ఎంతమందికి తెలుసు? పదిమందిని అడిగితే ఒక్కరు చెబితే గొప్ప. అంటే గోడకు అది ఉంది గానీ, మనకు అది లేనట్టే లెక్క.

ఈ వార్షికోత్సవ సంచికలో నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. సిలిండర్ కొని తగిలించడం ఆఫీసు పని. దాన్ని ఎరిగి ఉండటం, వాడగలగడం, అది బతికి ఉందో లేదో చూసుకోవడం మన పని. ఈ రెండో పని జరగనంతకాలం మొదటి పని తనిఖీ కోసమే తప్ప ప్రాణం కోసం కాదు.

మనకెందుకు ఈ గొడవ?

"మనం చదువుకోవడానికి వచ్చాం, ఇదంతా మనకెందుకు" అని ఒక తమ్ముడు అనుకోవచ్చు. రెండు కారణాలు చెబుతాను.

మొదటిది, మన హాస్టల్ కూడా ఒక పనిచేసే చోటే. మనకది చదువుకునే చోటు, పడుకునే చోటు. కానీ తెల్లవారకముందే లేచి వందమందికి అన్నం వండే అక్కకు, బియ్యం బస్తాలు మోసే కామాటి అన్నకు, రాత్రంతా గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్‌కు అది ఉద్యోగం చేసే చోటు. పెద్ద గ్యాస్ పొయ్యిలు, కాగే నూనె, పరుపులు, దుప్పట్లు, ట్రంకుపెట్టెలు, కిటికీకి కట్టిన దండెం మీద బట్టలు, ఒకే ప్లగ్గుకు నాలుగు సెల్‌ఫోన్ల ఛార్జర్లు, దోమల కాయిల్స్, అప్పుడప్పుడు ఇస్త్రీపెట్టె. ఇన్ని ఉన్న చోట నిప్పుకు కారణం వెతకనక్కర్లేదు.

పైగా మనం రాత్రిపూట నిద్రపోయే చోటు అది. నిద్రలో ఉన్నవాడికి నిప్పు ఎంత ప్రమాదమో మన నెల్లూరు చూసింది. 2012 జూలై 30న తెల్లవారుజామున, ఢిల్లీ నుంచి చెన్నై వెళ్తున్న తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లో ఎస్-11 బోగీ నెల్లూరు దగ్గర కాలిపోయింది. 30 మందికి పైగా ప్రయాణికులు చనిపోయారు. అప్పటికి ఇప్పుడు హాస్టల్లో ఉన్న చిన్న తమ్ముళ్లు కొందరు పుట్టి కూడా ఉండరు. కానీ జిల్లాలో పెద్దవాళ్లనడగండి, ఆ ఉదయం వాళ్లకు గుర్తుంటుంది.

రెండవ కారణం, మనం రేపు ఎక్కడికి వెళ్లబోతున్నాం అన్నది. మన హాస్టల్ నుంచి వెళ్లిన అన్నలు, అక్కలు అందరూ గవర్నమెంటు ఉద్యోగాల్లో లేరు. కొందరు శ్రీసిటీ, నాయుడుపేట కంపెనీల్లో ఉన్నారు. కొందరు కృష్ణపట్నం వైపు, కొందరు హైదరాబాదు, బెంగళూరు, చెన్నైల్లో షాపుల్లో, గోడౌన్లలో, కాల్ సెంటర్లలో ఉన్నారు. కెమిస్ట్రీ చదివిన నాలాంటివాళ్లు మందుల కంపెనీల వైపు చూస్తారు. పెద్ద కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు ఉంటాడు. కానీ మనకు మొదటి ఉద్యోగం దొరికేది చాలావరకు ఇరుకు మెట్లున్న మేడ మీద మూడో అంతస్తులోనో, షట్టరున్న గోడౌన్లోనో.

2023 మార్చి 16 సాయంత్రం సికిందరాబాదులోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచాయి. ఆరుగురు చనిపోయారు. అందరూ ఇరవై దాటి రెండు మూడేళ్లయిన పిల్లలు, వరంగల్, ఖమ్మం వైపు పల్లెల నుంచి బతుకుదెరువు కోసం వచ్చి అక్కడి ఆఫీసులో పనిచేస్తున్నవాళ్లు. వాళ్ల ప్రాణం తీసింది మంట కాదు, పొగ. ఊపిరాడక పోయారు. నా వయసు వాళ్లు. వాళ్ల ఇళ్లల్లోనూ నెలనెలా వచ్చే ఆ జీతం మీద ఎన్ని లెక్కలు వేసుకుని ఉంటారో మనకు వేరే చెప్పాలా?

అంతకు ఏడాది ముందు, 2022 మార్చి 23 తెల్లవారుజామున అదే ఊళ్లో బోయిగూడ తుక్కు గోడౌన్ కాలిపోయి బీహారు నుంచి వచ్చిన 11 మంది కార్మికులు చనిపోయారు. కింద తుక్కు, పైన పడక. దిగడానికి దారి ఆ గోడౌన్‌లోంచే. ఒక్కడు మాత్రం పైనుంచి దూకి బయటపడ్డాడు.

పనిచేసే చోటే పడుకోవడం, పడుకునే చోట ఒకటే దారి ఉండటం అన్నది పేదవాడి బతుకులో మామూలు విషయం. అందుకే అన్నాను, ఈ గొడవ ముందుగా మనదే అని.

చట్టం మన వైపే ఉంది

ఒక సంగతి మనలో చాలామందికి తెలియదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి కాలిపోయింది. మధ్యాహ్న భోజనం వండే వంటపాకలో పుట్టిన నిప్పు తరగతి గదుల ఆకుల కప్పుకు అంటుకుంది. 94 మంది పిల్లలు చనిపోయారు. ఎక్కువమంది అయిదో తరగతి లోపు వాళ్లు.

ఆ ఘటన తర్వాత అవినాశ్ మెహరోత్రా అనే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2009 ఏప్రిల్ 13న తీర్పు వచ్చింది. చదువుకునే హక్కు అంటే భద్రంగా ఉన్న బడిలో చదువుకునే హక్కు అని కోర్టు చెప్పింది. ప్రతి బడిలోనూ మంటలార్పే పరికరాలు పెట్టాలని ఆదేశించింది. అక్కడితో ఆగలేదు. సిబ్బందికి వాటిని వాడటంలో శిక్షణ ఇవ్వాలని కూడా చెప్పింది. నా దృష్టిలో తీర్పులో అసలైన ముక్క ఈ రెండోదే. గోడకు తగిలిస్తే సరిపోదని దేశంలోకెల్లా పెద్ద కోర్టే చెప్పిందన్నమాట.

బడిలో పిల్లలు పగలు ఏడెనిమిది గంటలు ఉంటారు. హాస్టల్లో మిగిలిన గంటలన్నీ, రాత్రంతా ఉంటారు. బడికి అవసరమైనది హాస్టల్‌కు అవసరం కాదా? కాబట్టి మనం దీని గురించి అడిగేటప్పుడు ఎవరినో బతిమాలుతున్నట్టు అడగనక్కర్లేదు. మర్యాదగా, గట్టిగా అడగవచ్చు.

ఏ నిప్పుకు ఏ మందు?

జ్వరానికీ కడుపునొప్పికీ ఒకే మాత్ర వెయ్యం. నిప్పు కూడా అంతే. నిప్పు బతకాలంటే మూడు కావాలని ఎనిమిదో తరగతి సైన్సులోనే చదువుకున్నాం. మండే వస్తువు, వేడి, గాలిలోని ఆక్సిజన్. మూడింట్లో ఒకటి తీసేస్తే నిప్పు చస్తుంది. ఏ నిప్పులో దేన్ని తీసెయ్యాలి అన్నదాన్నిబట్టి సిలిండర్ ఉంటుంది.

కట్టె, కాగితం, బట్ట, పరుపు, గడ్డి కాలితే అది ఏ రకం. దీనికి నీళ్లు మంచి మందు. వేడిని లాగేస్తాయి. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, రంగులు, స్పిరిట్ కాలితే బి రకం. దీనిమీద నీళ్లు పోస్తే నూనె నీళ్లమీద తేలి మంట ఇంకా పాకుతుంది. దీనికి నురుగు గానీ, పొడి గానీ కావాలి. వంటగ్యాస్ లాంటివి కాలితే సి రకం. సోడియం, మెగ్నీషియం లాంటి లోహాలు కాలితే డి రకం. మా ల్యాబులో సోడియం ముక్కను కిరసనాయిల్లో ఎందుకు దాస్తారో ఇంటర్ చదివే ప్రతి ఒక్కరికీ తెలుసు. దానిమీద నీళ్లు పడితే హైడ్రోజన్ పుట్టి భగ్గుమంటుంది. దానికి పొడి ఇసుకే గతి.

కరెంటు మంటల సంగతి వేరే చెప్పాలి. మెయిన్ ఆపకుండా కరెంటు మంట మీద నీళ్లు చల్లితే మనకే షాకు కొడుతుంది. ముందు మెయిన్ ఆపాలి. కంప్యూటరు గదికి, స్విచ్‌బోర్డు గదికి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ మంచిది. మరక మిగలదు, యంత్రం పాడు కాదు. అయితే అది ఆక్సిజన్‌ను పక్కకు నెట్టి మంటను చంపుతుంది కాబట్టి, తలుపులు మూసిన చిన్న గదిలో వాడి అక్కడే నిలబడితే మన ఊపిరి కూడా ఆగుతుంది. వాడిన వెంటనే బయటికి రావాలి. ఆరుబయట గాలిలో అది పెద్దగా పనిచెయ్యదు.

ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఏబీసీ పొడి సిలిండర్. అందులో ఉండేది మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ అనే పొడి. పేరులో ఉన్నట్టే ఏ, బి, సి మూడు రకాల మంటలకూ, కరెంటు మంటలకూ పనికొస్తుంది. ఒకటే కొనగలిగిన చోట ఇదే కొనాలి. హాస్టల్ వరండాకు, స్టోర్ రూముకు ఇది చాలు.

కానీ వంటగదికి చాలదు. ఇది చాలామంది గమనించని విషయం. పెద్ద బాండీలో నూనె అంటుకుంటే పొడి కొట్టిన క్షణానికి మంట ఆగినట్టు కనిపిస్తుంది. నూనె మాత్రం సలసలా కాగుతూనే ఉంటుంది, మళ్లీ దానంతటదే అంటుకుంటుంది. ఇలాంటి మంటను కొన్ని దేశాల్లో కె రకం అని, కొన్ని దేశాల్లో ఎఫ్ రకం అని అంటారు. దానికి తడి రసాయనం ఉన్న వేరే సిలిండర్ ఉంది. అందులోని పొటాషియం లవణాలు కాగే నూనెతో కలిసి సబ్బు పొరలా పైన కప్పేస్తాయి. పొర కింద గాలి అందక, చల్లబడి మంట చస్తుంది. మనం ల్యాబులో సబ్బు తయారు చేసే చర్యే అది.

ఆ సిలిండర్ వచ్చేదాకా వంటగదిలో ఒక పద్ధతి పాటించవచ్చు. బాండీ అంటుకుంటే పొయ్యి ఆపి, సరిపడా పెద్ద మూత పక్కనుంచి జరుపుతూ కప్పాలి. చల్లారేదాకా తియ్యకూడదు. నీళ్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పొయ్యకూడదు. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతుంది. కాగే నూనె అడుక్కి చేరిన గ్లాసెడు నీళ్లు ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను వండే అక్క ముఖం మీదికి చిమ్ముతాయి. ప్రతి హాస్టల్ వంటగదిలోనూ పెద్ద బాండీకి సరిపడే మూత ఒకటి గోడకు తగిలించి ఉండాలి. దీనికి టెండరు అక్కర్లేదు.

ఎప్పుడు ఆర్పాలి, ఎప్పుడు పరుగెత్తాలి?

సిలిండర్ వాడటం కష్టమేమీ కాదు. నాలుగు మాటలు గుర్తుంటే చాలు. లాగు, గురిపెట్టు, నొక్కు, ఊపు. పిన్ను లాగాలి. పైపు మూతి మంట మొదలుకు గురిపెట్టాలి. పిడి నొక్కాలి. మంట వెడల్పంతా అటూ ఇటూ ఊపుతూ కొట్టాలి. అందరూ చేసే పొరపాటు మంట పైభాగాన్ని చూసి అక్కడ కొట్టడం. చెట్టును కొట్టాలంటే మొదలు నరుకుతాం గానీ చిటారు కొమ్మను కాదు కదా.

ఆరు నుంచి ఎనిమిది అడుగుల దూరంలో నిలబడాలి. ఆరుబయటైతే గాలి మన వీపు వైపు నుంచి వీచేలా చూసుకోవాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అయితే చివర ఉండే కొమ్ములాంటి గొట్టాన్ని చేత్తో పట్టుకోకూడదు. గ్యాసు బయటికొచ్చేటప్పుడు సున్నాకు ఎన్నో డిగ్రీల కిందికి చల్లబడుతుంది, చర్మం అంటుకుపోతుంది. మంట ఆరాక వెనక్కి తిరిగి నడవకూడదు. మంట వైపే చూస్తూ వెనక్కి అడుగులు వెయ్యాలి, మళ్లీ లేవొచ్చు కాబట్టి.

అన్నిటికంటే ముఖ్యమైనది, చేతిలో పట్టుకునే సిలిండర్ పనిచేసేది పది నుంచి ఇరవై సెకన్లే. మనం అనుకున్నట్టు నీళ్ల పైపులా పోస్తూ ఉండదు. చెత్తబుట్టంత మంటకు అది సరిపోతుంది. మంచమంత మంటకు రెండు కావాలేమో. గదంత మంటకు ఎన్నున్నా చాలవు.

ఇది మా ఇంట్లో నాకు ముందే తెలిసిన పాఠం. మా నాయన కలిగిరి వైపు పొగాకు బ్యారన్ల దగ్గర కూలికి వెళ్లేవాడు. బ్యారన్ లోపల వేడి పారే ఇనుప గొట్టాలుంటాయి. పైన కర్రలకు ఆకు వేలాడుతుంది. ఎండిన ఆకు రాలి కాలే గొట్టం మీద పడితే నిప్పు. అందుకే గొట్టాల మీద ఇనుప వల పరచమని రైతులకు చెబుతారు. ఒక్క ఆకు పొగ వాసన వస్తున్నప్పుడు తెలిస్తే బకెట్టు నీళ్లతో పోతుంది. పై వరుస ఆకు అంటుకున్నాక ఇక ఎవరూ లోపలికి పోకూడదు. బ్యారన్ పోతే పోయింది, మనుషులు మిగలాలి అనేవాడు మా నాయన. ఆయన బడికి వెళ్లలేదు. కానీ ఫైర్ సేఫ్టీ పుస్తకాల్లో ఉన్న మొదటి సూత్రం అదే.

కాబట్టి సిలిండర్ తీసుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అందర్నీ లేపి బయటికి పంపామా? 101కు గానీ 112కు గానీ ఫోను చేశామా? నా వీపు వెనక బయటికి పోయే దారి ఉందా? మూడింటికీ అవును అంటేనే సిలిండర్ ముట్టుకోవాలి. ఒక్కదానికి కాదు అన్నా పరుగే మేలు. పొగ కమ్మితే వంగి, నేలకు దగ్గరగా పాకుతూ బయటపడాలి. వేడి పొగ పైకి పోతుంది, కింద కాస్త గాలి మిగులుతుంది.

గ్యాస్ విషయంలో ఇంకొక జాగ్రత్త. లీకైన గ్యాస్ మండుతుంటే, రెగ్యులేటరు కట్టగలిగితేనే ఆ మంట ఆర్పాలి. కట్టలేకుండా మంట ఒక్కటే ఆర్పితే గ్యాస్ గదిలో నిండి ఇంకెక్కడో నిప్పు తగిలి పేలుతుంది. వంటగ్యాస్ గాలికంటే బరువు, నేలమీద పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్ వెయ్యకూడదు, ఆపకూడదు. కిటికీలు, తలుపులు తెరవాలి.

సంగం లాంటి చోట ఇవన్నీ మరీ ముఖ్యం. ఫైర్ ఇంజన్ ఆత్మకూరు నుంచి వచ్చినా, నెల్లూరు నుంచి వచ్చినా బొంబాయి రోడ్డు మీద లారీలన్నీ దాటుకుని రావాలి. వాళ్లు ఎంత వేగంగా వచ్చినా మొదటి నిమిషానికి రాలేరు. మొదటి నిమిషం ఎప్పుడూ అక్కడున్నవాళ్లదే.

బతికున్న సిలిండర్, చచ్చిన సిలిండర్

నేను ఎమ్మెస్సీ ప్రాజెక్టు పని మీద కొన్నాళ్లు ఒక కంపెనీకి వెళ్లాను. పేరు అనవసరం. అక్కడ మెట్ల పక్కన ఒక ఏబీసీ సిలిండర్ ఉంది. దానికి కట్టిన కార్డు మీద నెలనెలా తనిఖీ చేసినట్టు సంతకం ఉంది. మీటరులో ముల్లు మాత్రం ఎర్ర గీతలో పడుకుని ఉంది. అంటే లోపల ఒత్తిడి లేదు, నొక్కితే పొడి రాదు. సంతకం చేసినాయన కార్డు చూశాడు గానీ ముల్లును చూడలేదు. అడిగితే "ఏజెన్సీవాళ్లు వచ్చినప్పుడు చూస్తారులే" అన్నారు. నిప్పు కూడా ఏజెన్సీవాళ్లు వచ్చేదాకా ఆగుతుందా?

సిలిండర్ బతికుందో లేదో చూడటానికి ఇంజనీరు అక్కర్లేదు. తొమ్మిదో తరగతి చదివే చెల్లెలు కూడా రెండు నిమిషాల్లో చూడగలదు. ముల్లు పచ్చ గీతలో ఉందా? పిన్ను, దాని ప్లాస్టిక్ సీలు తెగకుండా ఉన్నాయా? పైపు చీలిందా? మూతిలో కందిరీగ మట్టిగూడు పెట్టిందా? డబ్బాకు తుప్పు పట్టిందా, సొట్ట పడిందా? ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15683 అన్న అంకె ఉన్నాయా? మళ్లీ నింపాల్సిన తేదీ దాటిందా? పొడి రకమైతే నెలకొకసారి తలకిందులు చేసి కదిలించాలి, లేకపోతే పొడి అడుక్కి గడ్డకడుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు మామూలుగా మీటరు ఉండదు, తూకమే దాని మీటరు. గ్యాసు బరువు పదో వంతు తగ్గితే మళ్లీ నింపించాలి. ఏ సిలిండర్ అయినా ఒక్కసారి కాస్త నొక్కినా మళ్లీ నింపించాల్సిందే. పొడి రేణువులు వాల్వులో ఇరుక్కుని మిగిలిన ఒత్తిడి మెల్లగా కారిపోతుంది.

ఎక్కడ ఉందన్నది కూడా అంతే ముఖ్యం. ఎక్కడ నిలబడినా 15 మీటర్ల నడకలో ఒక సిలిండర్ అందాలని మన దేశపు ప్రమాణం చెబుతుంది. బయటికి పోయే దారి పక్కన ఉండాలి గానీ గది మూలలో కాదు. వంటగది సిలిండర్ పొయ్యి పైన గోడకుంటే మంటల్లోంచి చెయ్యి పెట్టి తీసుకోవాలి. తలుపు దగ్గర ఉండాలి. బియ్యం బస్తాల వెనక, తాళం వేసిన స్టోర్ రూములో ఉన్న సిలిండర్ లేని సిలిండరే.

ఎదురు మాటలు

దీనికి కొందరు ఎదురు చెబుతారని నాకు తెలుసు. పిల్లల చేతికందితే ఆడుకుంటారు, పిన్ను లాగి పాడు చేస్తారు అంటారు. అది నిజమే. తెలియని వస్తువుతోనే పిల్లలు ఆడుకుంటారు. ఒకసారి వాళ్ల చేత్తోనే వాడించి, దాని పని చూపించి, "ఇది మీ గది బాధ్యత" అని అప్పజెప్పితే ఆడుకోరు. మనలో చాలామంది ఇంటి దగ్గర పదేళ్లకే పొయ్యి ముట్టించి చెల్లెళ్లకు అన్నం వండినవాళ్లం. మనకు బాధ్యత కొత్త కాదు.

డబ్బులు లేవంటారు. ఒక మామూలు ఏబీసీ సిలిండర్ ధర చిన్న సెల్‌ఫోను ధరంత కూడా ఉండదు. మళ్లీ నింపించడానికి ఇంకా తక్కువ. పూర్వ విద్యార్థులు ప్రతి వార్షికోత్సవానికీ ఏదో ఒకటి ఇస్తూనే ఉన్నారు. గోడ గడియారాలు, జ్ఞాపికలు, శాలువాలు ఇచ్చారు, అందుకు కృతజ్ఞతలు. అన్నలూ, అక్కలూ, వచ్చే ఏడాది శాలువా ఖర్చు రెండు సిలిండర్లకు పెడితే ఎవరికీ చలి వెయ్యదు.

ఇది వార్డెన్ సారు చూసుకోవాల్సిన పని అంటారు. వార్డెన్ సారు మీద ఇప్పటికే బియ్యం రిజిస్టరు నుంచి హాజరు దాకా ఎన్నో ఉన్నాయి. ఆయన్ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. రాత్రి రెండు గంటలకు మూడో గదిలో ఛార్జరు పొగ చిమ్మితే అక్కడ ఉండేది ఆయన కాదు, మనం. అందుకే ఆయనకు సాయంగా మనం నిలబడాలంటున్నాను.

ఏప్రిల్ 14న ఏం చేద్దాం?

ప్రతి ఏప్రిల్ 14న మనం అంబేద్కర్ జయంతి జరుపుకుంటాం. పూలదండ వేస్తాం, ఉపన్యాసాలు వింటాం, మిఠాయి తింటాం. అదే రోజు దేశమంతా అగ్నిమాపక దినం కూడా అని మనలో ఎంతమందికి తెలుసు? 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో పత్తి బేళ్లూ, పేలుడు మందూ కలిపి నింపిన ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ అంటుకుని పేలిపోయింది. మంటలార్పడానికి వెళ్లిన ఫైర్ సిబ్బంది 66 మంది ప్రాణాలు వదిలారు. వారి స్మృతిగా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో ఫైర్ సిబ్బంది బళ్లకు, ఆసుపత్రులకు వచ్చి చేసి చూపిస్తారు. పిలిస్తే మన దగ్గరికీ వస్తారు.

ఒకే రోజు రెండూ రావడం మనకు కలిసొచ్చిన సంగతి. నా ప్రతిపాదన ఇది. జయంతి సభ అయ్యాక ఒక గంట గ్రౌండులో గడుపుదాం. ఆ ఏడాది గడువు తీరుతున్న సిలిండర్లను ఊరికే తిరిగి పంపకుండా, ఫైర్ సిబ్బంది ఎదుట పాత రేకు తట్టలో చిన్న మంట పెట్టించి వాటితోనే ఆర్పిద్దాం. ముందు వంట అక్క, తర్వాత వాచ్‌మన్, కామాటి అన్న, ఆ తర్వాత పదో తరగతి వాళ్లు. ఆ వెంటనే వాటిని నింపడానికి పంపి, అవి వచ్చేదాకా పెట్టడానికి మారు సిలిండర్లు ముందే అడిగి ఉంచుకుందాం. ఏడాదికి రెండుసార్లు రాత్రిపూట గంట కొట్టి అందరం ఎన్ని నిమిషాల్లో గ్రౌండు చేరతామో లెక్కపెడదాం. రాత్రి తాళాలు వేసే ప్రతి తలుపుకూ రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలిసేలా రాసి పెడదాం. ప్రతి నెల మొదటి ఆదివారం ఇద్దరు విద్యార్థులు ముల్లు చూసి, సీలు చూసి, కార్డు మీద తమ పేరు రాయాలి. మనం పడుకునే గది కాబట్టి మన సంతకం అబద్ధం చెప్పదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. మీలోనూ ఎక్కువమంది అంతే అవుతారు. మన వెనక ఒక్కొక్క కుటుంబం, కొన్నిచోట్ల ఒక వీధి మొత్తం కళ్లు పెట్టుకుని ఉంది. ఇంత కష్టపడి ఇక్కడిదాకా వచ్చినవాళ్లం ఒక ఛార్జరు వల్లనో, ఒక మూత లేని బాండీ వల్లనో పోకూడదు. రేపు మీరు ఏ ఊళ్లో, ఏ ఆఫీసులో, ఏ షాపులో చేరినా మొదటి రోజు రెండు విషయాలు చూడండి. బయటికి దారి ఎక్కడుంది? ఎర్ర సిలిండర్ ఎక్కడుంది, దాని ముల్లు ఏ గీతలో ఉంది? ఆ ముల్లు ఎర్ర గీతలో ఉంటే, కొత్తగా చేరినవాళ్లమని మొహమాటపడకుండా మొదటి రోజే అడగండి.